వేరు ఒకటి, కొమ్మ ఒకటి

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మన పెద్దలు అడుగుతారు. వరి, శనగ పండించే రైతుల అనుభవంలో నుంచి పుట్టిన మాట ఇది. ఆ పంటల విషయంలో ఇది చాలావరకు నిజం కూడా. కాని పండ్లతోట పెంచేవారిని అడిగితే వేరే సంగతి చెబుతారు. తీయని బంగినపల్లి మామిడిపండు తిని టెంక పాతిపెడితే, కొన్నేళ్ళకు ఆ చెట్టు కాచిన కాయ పుల్లగా ఉండవచ్చు, పీచుగా ఉండవచ్చు, అసలు బంగినపల్లి పోలికే లేకపోవచ్చు. పూతమీద వాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడి మోసుకొని వచ్చిందో మనకు తెలియదు. టెంకలోని పిండంలో తల్లి గుణాలతోపాటు ఆ తెలియని తండ్రి గుణాలు కూడా చేరతాయి.

ఈ చిక్కు నుంచి బయటపడడానికి మానవుడు కనిపెట్టిన ఉపాయాలలో అంటుకట్టుట ముఖ్యమైనది. మనకు నచ్చిన చెట్టు కొమ్మను కోసి తెచ్చి, వేళ్ళతో ఉన్న మరొక మొక్క మీద అతికిస్తాము. అడుగున వేళ్ళిచ్చే మొక్కను వేరుమొక్క అనీ, పైన పండ్లిచ్చే దానిని అంటుకొమ్మ అనీ ఈ వ్యాసంలో పిలుద్దాం. వేరుమొక్క నీటిని, లవణాలను పైకి పంపుతుంది. అంటుకొమ్మ ఆకులలో తయారైన ఆహారాన్ని కిందికి పంపుతుంది. రెండూ కలసి ఒకే చెట్టుగా బ్రతుకుతాయి. అయినా దేని స్వభావం దానిదే. కాయలు అంటుకొమ్మ జాతివే కాస్తాయి.

ఈ పనికి కావలసిన సరంజామా కొద్దిదే. పదునైన కత్తి, కట్టడానికి నార, పూయడానికి కాస్త మట్టీ పేడా ఉంటే చాలు. రెండువేల యేళ్ళుగా ఇందులో పెద్ద మార్పేమీ రాలేదు. మారినది మరొకటి ఉన్నది. ఏ వేరు మీద ఏ కొమ్మ నిలుస్తుంది, ఏ నేలలో ఏ వేరు బ్రతుకుతుంది అన్న జ్ఞానం మారింది. అది తేలికగా రాలేదు. తోటలకు తోటలు ఎండిపోయిన తరువాత వచ్చింది. ఆ చరిత్రను అంజూరపు చెట్టుతో మొదలుపెట్టి పల్నాటి సున్నపు నేల దాకా చూద్దాం.

అంజూరం, మేడి

మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మన పిల్లలందరికీ తెలుసు. ఆ పురుగులు చెట్టుకు పట్టిన తెగులు కావు. మనం పండు అనుకొనేది నిజానికి ఒక చిన్న కుండ. దాని లోపలి గోడల నిండా సన్నని పూవులుంటాయి. కంటికి ఆననంత చిన్న కందిరీగలు కుండ మూతిలోని రంధ్రం గుండా లోపలికి దూరి, పరాగాన్ని చేరవేసి, అక్కడే పిల్లలను పెడతాయి. ఆ కందిరీగ లేకపోతే మేడిలో గింజ కట్టదు. మేడి, రావి, మర్రి, అంజూరం అన్నీ ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతిని ఫైకస్ అంటారు. మేడి మన వాగుల ఒడ్డున తనంత తానే పెరుగుతుంది. అంజూరం పశ్చిమాసియా నుంచి వచ్చిన చుట్టం. మన దేశంలో దీనికి పేరుపడ్డ ప్రాంతం పూనా దగ్గరి పురందరం. అక్కడి అంజూరానికి 2016లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన రాష్ట్రంలో అనంతపురం ప్రాంతపు రైతులు దీనిని పండిస్తున్నారు.

మనం సాధారణంగా పెంచే అంజూరపు రకాలకు ఒక విశేషమున్నది. అవి కందిరీగ రాకపోయినా, పరాగం అందకపోయినా పండుతాయి. అట్టి పండులో గింజలు కనబడినా వాటిలో పిండం ఉండదు, పాతితే మొలవవు. కాబట్టి ఈ రకాలను మనిషే కొమ్మ విరిచి నాటాలి. జోర్డాన్ లోయలోని గిల్గాల్ అనే చోట తవ్వకాలలో మాడిన అంజూరపు పండ్లు దొరికాయి. అవి సుమారు 11,400 సంవత్సరాల నాటివనీ, గింజ కట్టని రకానివనీ, అంటే అప్పటికే మనిషి కొమ్మలు నాటి పెంచినవనీ 2006లో ముగ్గురు పరిశోధకులు ప్రకటించారు. అడవి చెట్లలో కూడా అట్టి పండ్లు రాలవచ్చునని కొందరు ఆక్షేపించారు. ఆ వాదం ఎలా తేలినా, అంజూరం మనిషి పెంచిన అతి ప్రాచీన ఫలవృక్షాలలో ఒకటి అనడంలో సందేహం లేదు.

అంజూరపు కొమ్మ నేలలో గుచ్చితే సులభంగా వేళ్ళు పోస్తుంది. మరి దీనికి అంటు ఎందుకని చదువరులు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. పెరిగిన చెట్టు నాసిరకమని తేలితే, దానిని పీకివేయకుండా మంచిరకం అంటుకట్టి మార్చుకోవచ్చు. ఇది మొదటి కారణం. రెండవది వేళ్ళకు సంబంధించినది. నేలలో కంటికి కనబడని నులిపురుగులుంటాయి. అవి వేళ్ళలో దూరితే వేళ్ళు ముడులు ముడులుగా ఉబ్బుతాయి, నీరు సరిగా పైకి ఎక్కదు, చెట్టు ఏటికేడు క్షీణిస్తుంది. అంజూరపు వేరు ఈ నులిపురుగులకు తేలికగా లొంగిపోతుంది. మేడి వేరు వాటిని బాగా తట్టుకొంటుంది. అందుచేత మేడిని వేరుమొక్కగా తీసుకొని దానిపై అంజూరం అంటుకట్టవచ్చునని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. వాగు ఒడ్డున పెరిగే మేడి, దూరదేశం నుంచి వచ్చిన అంజూరం ఒకదానికొకటి ఆసరా అవుతాయన్నమాట.

కత్తి, నార, పేడ

కొమ్మకూ కొమ్మకూ పొత్తు కుదురుతుందని మొదట గమనించినవారెవరో చెప్పలేము. అడవిలో రెండు కొమ్మలు గాలికి రాసుకొని, బెరడు అరిగి, అతుక్కొనిపోవడం అందరూ చూచేదే. ఆ దృశ్యమే మనిషికి గురువై ఉంటుంది. గ్రీకు దేశంలో క్రీ. పూ. నాలుగవ శతాబ్దిలో జీవించిన థియోఫ్రాస్టస్ అంటులను గురించి వివరంగా వ్రాశాడు. అంటుకొమ్మకు అడుగు మొక్క నేలవంటిది అని ఆయన భావన.

రోమునగరపు రాజకీయవేత్త కేటో క్రీ. పూ. 149లో మరణించాడు. సేద్యంపై ఆయన వ్రాసిన పుస్తకంలో ఆలివ్, అంజూరం, ఆపిల్, పియర్ చెట్లకు అంటుకట్టే పద్ధతి ఉన్నది. మొండెం కోసి, చీల్చి, కొమ్మను చెక్కి దూర్చి, బెరడు నారతో కట్టి, పైన పూత వేయమంటాడు. ఆ పూత దేనితో? జిగురుమట్టి, కొంచెం ఇసుక, పశువుల పేడ కలిపి బంకగా పిసికిన ముద్దతో. పల్నాటి పల్లెలో ఏ ముసలి తోటమాలిని అడిగినా ఇంతకంటె భిన్నంగా చెప్పడు.

మన దేశంలో క్రీ. శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. పనస, అశోకం, అరటి, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలం మొదలైనవాటిని కొమ్మతో పెంచాలనీ, కొమ్మకు పేడ పూసి, మరొక చెట్టును వేరు దగ్గర నరికి గాని, బోదె మీద గాని నిలపవచ్చుననీ చెప్పాడు. వృక్షాయుర్వేదం అనే పేరుతోనే సురపాలుడు వ్రాసిన మరొక గ్రంథం వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది. దానిని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సంస్కృతం బోధించిన నళినీ సాధలే అనువదించగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. మన ప్రాచీనుల తోటపని తెలుసుకోగోరే ఉపాధ్యాయులకు అది ఉపయోగపడుతుంది.

రోముకూ ఉజ్జయినికీ మధ్య ఎంతో దూరమున్నది. అయినా రెండుచోట్లా గాయానికి పేడే పూశారు. దీనికి కారణం ఊహించుకోవచ్చు. కోసిన చోట తేమ ఆరిపోకూడదు, వాననీరు దిగకూడదు. మట్టిలో పేడ కలిపితే ఎండకు పగుళ్ళు రాకుండా, పచ్చిగా ఉన్నప్పుడు జారిపోకుండా పట్టుకొంటుంది. మన ఇంటి గోడలకు, గాదెలకు మనం పూసినది కూడా ఇందుకే కదా!

అంజూరం మీద ఆలివ్ అంటుతుందా?

పనిముట్లు సరిగానే ఉన్నాయి కాని, ఏది దేనితో అతుకుతుందన్న విషయంలో ప్రాచీనులు చాలా పొరబడ్డారు. క్రీ. శ. ఒకటవ శతాబ్దిలో కొలుమెల్లా అనే రోమను రచయిత, ఏ కొమ్మనైనా ఏ చెట్టు మీదనైనా అతికించవచ్చునని వాదించాడు. అందుకు ఉదాహరణగా ఆలివ్ చెట్టు పక్కనే అంజూరపు మొక్క నాటి, ఆలివ్ కొమ్మను వంచి దానిలో చేర్చి, కొన్నేళ్ళ తరువాత తల్లిచెట్టు నుంచి వేరుచేసే విధానాన్ని వర్ణించాడు. ఆలివ్ మల్లె కుటుంబానికి చెందినది, అంజూరం పనస కుటుంబానికి చెందినది. ఆ పొత్తు కుదరదు. అయినా ఇట్టి కథలను వందల యేళ్ళపాటు ఒకరిని చూచి ఒకరు వ్రాస్తూ వచ్చారు. కట్టి చూచినవారు తక్కువ, చదివి నమ్మినవారు ఎక్కువ.

అసలు అంటు ఎలా అతుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు సూక్ష్మదర్శిని వచ్చిన తరువాతనే దొరికింది. ఇటలీలో మాల్పీజీ, ఇంగ్లండులో నెహమయ్యా గ్రూ పదిహేడవ శతాబ్ది ఉత్తరార్ధంలో చెట్టు లోపలి నిర్మాణాన్ని పరిశీలించారు. గ్రూ గ్రంథం 1682లో వెలువడింది. కొమ్మను అడ్డంగా కోస్తే పైన బెరడు, లోపల దారువు కనబడతాయి. ఈ రెండింటికీ మధ్య కాగితంకంటె పలుచని పొర ఒకటి ఉంటుంది. దానిని కేంబియం అంటారు. చెట్టు లావెక్కడమంతా ఈ పొరలోని కణాలు చీలి కొత్త కణాలు పుట్టడంవల్లనే జరుగుతుంది. అంటులో రెండు మొక్కల కేంబియం పొరలూ తాకితే, గాయం దగ్గర మెత్తని కణాల ముద్ద పెరిగి సందు నింపుతుంది. తరువాత ఆ ముద్దలో ఒక కేంబియం రెండవదానితో కలసి వంతెన కడుతుంది. ఆ వంతెన మీద నీటి గొట్టాలు, ఆహారపు గొట్టాలు ఏర్పడతాయి. రెండు మొక్కలు దగ్గరి చుట్టాలైతే ఈ వంతెన నిలుస్తుంది. దూరపువైతే మొదట అతికినట్లు కనబడి, కొన్ని నెలలకో కొన్ని యేళ్ళకో విరిగిపోతుంది.

చిత్రమేమంటే, ఈ హద్దు కూడా మనం అనుకొన్నంత గట్టిది కాదని ఇటీవల తేలింది. పొగాకు ప్రజాతికి చెందిన మొక్కలు వేరే కుటుంబాల మొక్కలతో కూడా అతుకుతాయని 2020లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపించారు. కణాల గోడలను కొంచెంగా కరిగించి ఒకదానికొకటి అంటుకొనేటట్లు చేసే ఒక ఎంజైము ఇందుకు కారణమని కనుగొన్నారు. అడుగున చేమంతి, నడుమ పొగాకు మొక్క ముక్క, పైన టమాటా పెట్టి కాయ కాయించారు. గుంటూరు పొగాకు పేరు విన్న మన విద్యార్థులకు ఆ ప్రజాతిలో దాగిన ఈ గుణం ఆశ్చర్యం కలిగిస్తుంది. అలాగే అరటి, ఖర్జూరం వంటి ఏకదళబీజాలకు కేంబియం లేదు కాబట్టి అంటు అసాధ్యమని పాఠాలు చెప్పేవారు. గింజలోని లేత పిండ దశలో చేస్తే వాటికి కూడా అంటు సాధ్యమేనని 2022లో కేంబ్రిడ్జి పరిశోధకులు నిరూపించారు.

గోవా నుంచి కోడూరు దాకా

మొగలాయీల కాలంలో అంటుకట్టు విద్య రాజాశ్రయం పొందింది. కాశ్మీరానికి చెర్రీ పండును కాబూలు నుంచి తెచ్చి, అక్కడ అంటుకట్టే పద్ధతి నెలకొల్పినవాడు అక్బరు కాలపు ఉద్యోగి మహమ్మదు కులీ అఫ్షార్ అని జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో వ్రాశాడు. పడమటి తీరాన పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొన్నారు. అక్కడి తోటలలో మామిడికి అంటుకట్టి మంచి రకాలను నిలబెట్టారు. ఆల్ఫాన్సో అనే రకానికి వారి సేనాని ఆల్బుకర్క్ పేరు మీద ఆ పేరు వచ్చిందంటారు.

ఆనాటి మామిడి అంటుకు ఓపిక కావాలి. కుండీలో పెంచిన టెంకమొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గరకు చేర్చి, రెండింటికీ ఒకవైపు చెక్కు తీసి, చెక్కిన ముఖాలు ఎదురెదురుగా పెట్టి కట్టేవారు. అందుకోసం చెట్టుచుట్టూ మంచె కట్టి కుండీలు ఎక్కించేవారు. రెండు మూడు నెలలు నీళ్ళు పోసి, అతికిన తరువాత కొమ్మను తల్లి నుంచి కోసేవారు. బంగినపల్లి, రసాలు మన తోటల నిండా వ్యాపించినది ఇట్టి శ్రమ ఫలితంగానే. ఇప్పుడు లేత టెంకమొక్క మీదనే చీలిక అంటు కట్టి, తక్కువ కాలంలో వేల మొక్కలు తయారుచేస్తున్నారు. కడియం నర్సరీలలో ఈ పని చూడవచ్చు.

కడప సీమలోని రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో 1935లో పండ్ల పరిశోధనా కేంద్రం ఏర్పడింది. ఏ రకానికి ఏ వేరు తగినదో చేతి అలవాటుకు వదిలిపెట్టకుండా, వరుసలు నాటి, కొలిచి, ఏళ్ళ తరబడి లెక్కలు వ్రాసి తేల్చే పని మన ప్రాంతంలో అక్కడ సాగింది. దక్షిణాది పండ్లపై కె. సి. నాయక్ 1949లో ప్రచురించిన పెద్ద గ్రంథానికి ఈ అనుభవం పునాది. ఇట్లా లెక్కలు వ్రాయడం ఎంత అవసరమో తెలియాలంటే, అంతకు కొంతకాలం ముందు ఫ్రాన్సు దేశంలో జరిగిన విపత్తును తెలుసుకోవాలి.

ఫ్రాన్సు ద్రాక్షతోటలు

1860 తరువాత ఫ్రాన్సులో ద్రాక్షతోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868లో ప్లాంషాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, మరి ఇద్దరు సహచరులు చచ్చిన తీగను కాకుండా బ్రతికి ఉన్న తీగను పెకలించి చూచారు. వేళ్ళనిండా పసుపుపచ్చని సన్న పురుగులు కనబడ్డాయి. అమెరికా నుంచి తెప్పించిన తీగలతోపాటు వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు అది. మందు కనిపెట్టినవారికి ఫ్రెంచి ప్రభుత్వం 1874లో మూడు లక్షల ఫ్రాంకుల బహుమానం ప్రకటించింది. ఆ సొమ్ము ఎవ్వరికీ దక్కలేదు.

తోటలను కాపాడినది మందు కాదు, అంటు. ప్లాంషాన్ సహచరులలో ఒకడైన గస్తాన్ బజీల్ 1869లోనే ఒక ఉపాయం చెప్పాడు. పురుగు అమెరికా నుంచి వచ్చింది కనుక అక్కడి తీగల వేళ్ళు దానికి అలవాటుపడి ఉంటాయి. ఆ వేళ్ళ మీద ఫ్రెంచి ద్రాక్ష అంటుకడితే సరిపోతుంది. వేరు అమెరికాది, పండు ఫ్రాన్సుది. మొదట చాలామంది ఒప్పుకోలేదు, పండు రుచి చెడిపోతుందని వాదించారు. చివరకు వేరే దారి లేక అందరూ అదే పట్టుకొన్నారు.

కాని కథ అక్కడితో ముగియలేదు. కోన్యాక్ ప్రాంతంలో నేల సుద్దనేల. అక్కడ నాటిన అమెరికా వేళ్ళు పురుగును తట్టుకొన్నా నేలను తట్టుకోలేకపోయాయి. ఆకులు పసుపుబారి తీగలు చచ్చిపోయాయి. సుద్దనేలలో బ్రతికే అమెరికా ద్రాక్ష కోసం 1887లో పియేర్ వియాలా అనే ఆచార్యుని ఫ్రెంచి ప్రభుత్వం అమెరికాకు పంపింది. టెక్సాస్‌లోని డెనిసన్ ఊరివాడైన మన్సన్ అనే ద్రాక్ష నిపుణుడు ఆయనకు దారి చూపించాడు. టెక్సాస్ సున్నపురాతి గుట్టల మీద పెరిగే బెర్లండియేరి అనే అడవి ద్రాక్ష కోన్యాక్‌కు సరిపోతుందని తేలింది. దానితో సంకరం చేసిన వేరుమొక్కలు సుద్దనేలలను మళ్ళీ పచ్చగా చేశాయి. శత్రువు ఒక్కడే కాడు, నేల కూడా చూచుకోవాలి అని ఫ్రాన్సు రైతు నేర్చుకొన్న పాఠమిది.

పల్నాటి సున్నపు నేల

ఈ పాఠం మనకు దూరపుది కాదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యస్థానంగా ఏర్పడిన పల్నాడు జిల్లా చాలాభాగం సున్నపురాతి మీద కూర్చున్నది. అమరావతి శిల్పాలు చెక్కినది పల్నాటి సున్నపురాయితోనే. పిడుగురాళ్ళ పేరు సున్నపు బట్టీలతో ముడిపడి ఉన్నది. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు వచ్చినది కూడా ఈ రాయిని చూచే. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత ఈ మెట్టప్రాంతం రూపు మారింది. పత్తి, మిరపల నడుమ బత్తాయి, నిమ్మ తోటలు కూడా కనబడతాయి. కృష్ణకు ఆవలి ఒడ్డున నల్లగొండ జిల్లా బత్తాయికి పెట్టింది పేరు.

సున్నం ఎక్కువైన నేలలో ఇనుము లేక కాదు, కరగక చెట్టుకు అందదు. ఇనుము లేకపోతే ఆకులో పత్రహరితం తయారు కాదు. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి నడుమ ఆకు పసుపుబారుతుంది. కొన్ని జాతుల వేళ్ళు తమ చుట్టూ ఆమ్లాన్ని విడిచి, గట్టిపడిన ఇనుమును కరగించుకొని పీల్చుకోగలవు. కొన్ని అలా చేయలేవు. బత్తాయికి వేరుమొక్కగా కొన్ని దేశాలలో వాడే మూడాకుల నారింజ ఇట్టి నేలలో నిలవదు. మన రాష్ట్రంలో బత్తాయికి సిఫారసు చేస్తున్న రంగపూర్ నిమ్మ వేరు సున్నాన్ని, నీటి ఎద్దడిని చాలావరకు తట్టుకొంటుంది. అంజూరానికి కూడా సున్నపు నేల అంటే భయం లేదు. దానికి పనికిరానిది నీరు నిలిచే నేల.

బత్తాయి వేరుకు మరొక పరీక్ష కూడా ఉన్నది. 1937 ప్రాంతంలో బ్రెజిల్ దేశంలో పుల్లనారింజ వేరు మీద కట్టిన బత్తాయి చెట్లు లక్షల సంఖ్యలో చచ్చిపోయాయి. ఆ రోగానికి అక్కడివారు ట్రిస్టెజా అని పేరు పెట్టారు. వారి భాషలో దుఃఖమని దాని అర్థం. పేనుబంక పురుగు ఈ రోగాన్ని మోసుకొని వస్తుందని 1946లో మెనెగీనీ నిరూపించాడు. రోగకారణం వైరసు. విడిగా చూస్తే పుల్లనారింజ ఆరోగ్యంగా ఉండవచ్చు, బత్తాయి కూడా ఆరోగ్యంగా ఉండవచ్చు. రెండూ కలసిన చోట, అంటుకు కింద, ఆహారాన్ని వేరుకు తీసుకొనిపోయే కణజాలం చచ్చిపోతుంది. వేరు ఆకలితో చచ్చి, తరువాత చెట్టు చస్తుంది. అదే బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరు మీద కడితే ఈ చావు తప్పుతుంది.

ఇంకొక సంగతి గమనించాలి. ఈ వైరసు పేనుబంకతోనే కాదు, అంటుకట్టే మొగ్గతో కూడా వ్యాపిస్తుంది. రోగమున్న చెట్టు నుంచి ఒక కొమ్మ తెచ్చి వంద మొగ్గలు కడితే వంద రోగపు మొక్కలు తయారవుతాయి. కనుక తల్లిచెట్టును పరీక్ష చేయించిన నర్సరీ మొక్కనే కొనాలి. విచిత్రంగా, ఈ రోగాన్ని వదిలించే ఉపాయం కూడా అంటులోనే దొరికింది. కొమ్మ చివరనున్న అతి లేత కణాలలో వైరసు సాధారణంగా ఉండదు. మిల్లీమీటరులో పదవ వంతు పరిమాణమున్న ఆ కొనను పరీక్షనాళికలో పెంచిన చిన్న మొక్కపై అంటుకట్టే పద్ధతిని 1975లో నవారో, రైస్టాకర్, మురాషిగే అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నాగపూరులోని కేంద్రీయ నిమ్మజాతుల పరిశోధనా సంస్థ ఈ పద్ధతిలో శుభ్రమైన తల్లిమొక్కలను తయారుచేస్తున్నది.

పాఠశాలలో చేసి చూడదగినది

ఇంత చరిత్ర చదివిన విద్యార్థి ఒక్క అంటైనా తన చేతితో కట్టి చూడాలి. అందుకు అంజూరం మంచిది. చలికాలంలో ఆకు రాల్చి, కొత్త చిగుళ్ళు వేయకముందు, పెన్సిలంత లావున్న ఏడాది వయసు కొమ్మను మూడు నాలుగు కన్నులుండేటట్లు కోయాలి. వేరుమొక్కగా అంతే లావున్న మేడి మొక్కను గాని, కుండీలో వేళ్ళు పోసిన మరొక రకం అంజూరాన్ని గాని తీసుకోవచ్చు. అంజూరంతో మొదలుపెడితే విజయం తేలిక. తరువాత మేడి మీద ప్రయత్నించి, రెండింటినీ పోల్చి చూడవచ్చు.

కొత్త బ్లేడుతో వేరుమొక్క తలను జానెడు ఎత్తున సమంగా కోసి, నడుమ ఒక అంగుళం లోతు చీల్చాలి. కోసిన చోట పాలు కారతాయి. ఆగేవరకు ఉండి, తడిగుడ్డతో తుడవాలి. అంటుకొమ్మ అడుగు భాగాన్ని రెండువైపులా ఏటవాలుగా చెక్కి గసికలాగా చేయాలి. ప్రతివైపూ ఒక్క కోతతో చెక్కాలి. గీకుతూ పోతే ముఖం సమంగా ఉండదు. గసికను చీలికలో దింపాలి. కొమ్మలు ఒకే లావు కాకపోతే నడుమ పెట్టక, ఒక అంచున బెరడుకు బెరడు కలిసేటట్లు జరపాలి. కేంబియం బెరడు కిందనే ఉంటుందని మరవకూడదు. పాలిథీన్ సంచి నుంచి వేలెడు వెడల్పు పట్టీ కోసి, బిగించి చుట్టాలి. పైన చిన్న పాలిథీన్ సంచి బోర్లించి కట్టి, కుండీని నీడలో ఉంచాలి. పూర్వం మట్టీ పేడా చేసిన పనిని ఇప్పుడు ఈ సంచి చేస్తుంది, లోపలి తేమను పోనివ్వదు.

మూడు నాలుగు వారాలలో కన్ను చిగురిస్తుంది. అప్పుడు సంచిని కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒకేసారి తీసివేస్తే లేత చిగురు వాడుతుంది. అంటుకు కింద వేరుమొక్క వేసే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లాలి. లేకపోతే అవే పైచేయి చేసుకొంటాయి. అతుకు గట్టిపడిన తరువాత పట్టీని కోసి తీయాలి, మరచిపోతే కాండాన్ని నొక్కివేస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. అంజూరపు పాలు చర్మానికి తగిలిన చోట ఎండ పడితే బొబ్బలెక్కవచ్చు. కంట్లో పడితే ప్రమాదం. పిల్లలు చేతులకు తొడుగులు వేసుకొని చేయాలి, వెంటనే సబ్బుతో కడుగుకోవాలి. బ్లేడు పని ఉపాధ్యాయుని ఎదుటనే జరగాలి.

పది అంటులు కడితే ఎన్ని బ్రతికాయి, ఏవి చచ్చాయి, ఏ తేదీన ఏ కన్ను చిగిర్చింది అన్నవి ఒక నోటుపుస్తకంలో వ్రాయించడం మంచిది. చచ్చిన అంటును పారవేయక, కట్టు విప్పి నిలువుగా కోసి చూడాలి. ముఖాలు కలిశాయా, ఎండిపోయాయా, కుళ్ళాయా అన్నది తెలుస్తుంది. కొలుమెల్లా వంటివారి మాటలు అంతకాలం నిలబడడానికి కారణం, కట్టి చూచి లెక్క వ్రాసినవారు లేకపోవడమే.

తోట వేయదలచిన రైతు నర్సరీకి పోయినప్పుడు సాధారణంగా కాయ ఏ రకమని అడుగుతాడు. అది అడగవలసినదే. దానితోపాటు వేరు ఏ రకమని కూడా అడగాలి. అంటుమొక్క కొన్నవాడికి కంటికి కనబడేది కొమ్మ, తోటను ఇరవై ముప్పై యేళ్ళు మోసేది వేరు. వేరు తగనిదైతే ఆ సంగతి నాటిన ఏడాది తెలియదు. అప్పులు తెచ్చి, నీరు పెట్టి, ఎరువు వేసి, కాపు మొదలయ్యే వేళకు తెలుస్తుంది. అప్పుడు చేయగలిగినది చాలా తక్కువ. ఈ ఒక్క ప్రశ్న అడగడం మన పాఠశాలలలో నేర్చుకొన్న పిల్లలు ఇంటికి పోయి చెబితే, వారి తల్లిదండ్రులకు అది ఒక తోటను మిగల్చవచ్చు.